అటక మీది బాసు

మా మేనమామ పోయిన మూడవ నెలలో అత్తయ్య కబురు చేసింది. "అటక ఖాళీ చేస్తున్నాము నాయనా. మీ మామ బాజా ఒకటి అట్లే పడి ఉన్నది. పాత సామాన్లవాడు తూకానికి అడుగుతున్నాడు. నీకేమైనా పనికి వస్తుందేమో వచ్చి చూసుకో. లేకుంటే వాడికి ఇచ్చేస్తాను" అని.

నేను వెళ్ళేసరికి అది నడవలో కూర్చుని ఉన్నది. కూర్చుని ఉన్నదనే అనాలి, దాని ఆకారం అట్లాంటిది. బేసినంత నోరు పైకెత్తుకొని, గొట్టాలన్నీ చుట్టలు చుట్టలుగా పొట్టకు చుట్టుకొని, ఒళ్ళంతా చిలుము పట్టి, పక్కన రెండు సొట్టలతో, ఎవరో పలకరిస్తారని ఎదురు చూసే ముసలి బంధువులాగా ఉన్నది. సామాన్లవాడు త్రాసుతో సహా వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎత్తి చూశాను. ఎనిమిది కిలోలకు తక్కువ ఉండదు.

"ఇత్తడికి ఈ పొద్దు ఏ ధర ఉన్నదో ఆ ధర ఇస్తానమ్మా, రూపాయి తగ్గించను" అన్నాడతను. అతని మాట న్యాయమైనదే. అతనికి అది ఇత్తడి. నాకు మటుకు చిన్ననాటి పెళ్ళి ఊరేగింపులన్నీ ఆ నోటిలో కనిపించినవి.

మాది బెంగుళూరు. ముత్తాతల నాడు చిత్తూరు వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మామ వాయించిన బ్యాండులో ఈ రెండూ కాక తమిళం, ఉర్దూ కూడా. ఆయన పగలు బట్టల మిల్లులో పని చేసేవారు. ముహూర్తాల రోజులలో జరీ పట్టీల కోటు తొడుక్కుని బ్యాండులో నడిచేవారు. క్లారినెట్టు పాట పాడేది, ట్రంపెట్టు మెరిసేది, డ్రమ్ము అదరగొట్టేది. మామ మటుకు వెనుక వరుసలో, బుగ్గలు బిగించి, "బోం... బోం..." అని ఒక్కొక్క అడుగూ వేసినట్టు ఊదేవారు. పిల్లలమంతా ట్రంపెట్టు వెంట పరుగెత్తేవాళ్ళం. మామ వెంట ఎవరూ పరుగెత్తలేదు. తరువాత తరువాత పెళ్ళిళ్ళకు రికార్డు పాటల పెట్టెలు వచ్చినవి, బ్యాండు చెదిరిపోయినది, బాసు అటక ఎక్కినది.

అత్తయ్యకు ఆ డబ్బు అవసరమే. అందుచేత నేను ఊరికే తీసుకోలేదు. త్రాసువాడు చెప్పిన దానికి రెండింతలు ఆమె చేతిలో పెట్టి, ఆటోలో నా పక్కన కూర్చోబెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో జరిగిన సత్కారం సంగతి చదువరులు ఊహించుకోగలరు. "ఉన్న రెండు గదులలో దీనికొక గది కావాలా?" అన్నది మా ఆవిడ. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

బ్యాండువాళ్ళు బాసు అనే ఈ వాద్యానికి పుస్తకాలలో పేరు ట్యూబా. అది లాటిను మాట. రోమనులు తమ నిడుపాటి యుద్ధపు బూరను అట్లా పిలిచేవారు. ఇప్పటి ట్యూబా మాత్రం అంత ప్రాచీనమైనది కాదు. 1835 సెప్టెంబరు 12వ తేదీన బెర్లినులో దానికి పేటెంటు పుట్టినది. ప్రష్యా సైనిక బ్యాండులను తీర్చిన విల్హెల్మ్ వీప్రెక్ట్, వాద్యాలు చేసే యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్స్ అనే ఇద్దరూ కలిసి దానిని తయారు చేశారు. అంతకు ముందు బ్యాండులలో మంద్రం పలకడానికి పాములాగా వంకరలు తిరిగిన సర్పెంటు అనే తోలు చుట్టిన కొయ్య గొట్టం, తరువాత ఆఫిక్లైడు అనే ఇత్తడి గొట్టం ఉండేవి. వాటికి వేణువుకు ఉన్నట్టు పక్కన రంధ్రాలు ఉండేవి. వాల్వులు వచ్చిన మీదటనే లోతైన గొంతుకు బలమూ, నిలకడా వచ్చినవి.

ఆ 1835వ సంవత్సరంలోనే, అక్టోబరు నెలలో, ఎట్టయపురంలో ముత్తుస్వామి దీక్షితులవారు స్వర్గస్థులైనారు. ఈ రెండింటికీ సంబంధమేమిటని అడగవచ్చు. మద్రాసు కోటలో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు వాయించే వరుసలను విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టినవారు దీక్షితులవారే. నొట్టుస్వరాలని నేటికీ పిల్లలకు నేర్పుతున్నారు. బ్రిటిషు రాజగీతం వరుసకు కట్టినది కూడా వాటిలో ఒకటి ఉన్నది. బ్యాండు మన వాకిట్లోకి నిన్న మొన్న వచ్చిన చుట్టం కాదని చెప్పడానికే ఈ మాట. తరువాత మీరట్ నగరంలో 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ మన దేశపు బ్యాండులకు వాద్యాలు సరఫరా చేసి పేరు పొందినది. మామ బాసు మటుకు ఇంగ్లండు సరుకు. చిలుము కింద చెక్కడపు అక్షరాలు చూస్తే బూసీ అని కనిపించినది. బూసీ, హాక్స్ అనే రెండు కంపెనీలు 1930లో ఒకటైనవి. రెండు పేర్లూ కలిపి ఉంటే వాద్యం ఆ తరువాతిదన్నమాట. బూసీ అని మాత్రమే ఉంటే అంతకు ముందుది. మాది ముందుదే. అంటే మామ కంటె పెద్దది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వాద్యాన్ని చూసి మురిసి, ముందు మెరిపించాలని తొందరపడ్డాను. పాలిషు చేసే ఒక అంగడిలో ఇచ్చాను. వారం తరువాత తెచ్చుకుంటే బంగారంలాగా ధగధగలాడుతున్నది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. తీరా చూస్తే చెక్కడపు అక్షరాలు సగం అరిగిపోయినవి. యంత్రపు చక్రానికి పట్టి రుద్దినందున, అసలే పలచబడిన ఇత్తడి ఇంకా పలచబడినది. ఊదితే మటుకు "ఫుస్" మని గాలి. మెరుపు ఒంటి మీదికి వచ్చినది గాని గొంతు రాలేదు.

అప్పుడు మామతో కలిసి వాయించిన క్లారినెట్టు మేస్త్రిగారిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. వాద్యాన్ని చూసి, "ఏమప్పా, పెండ్లికూతురిని చేసినావే దీన్ని! రోగం చూడకుండా చీర కట్టినావు" అన్నారు. ఆ తరువాత ఆయన నాకు చూపించిన పరీక్షలు, పాత వాద్యం కొనేవారికి పనికి వస్తవని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది వాల్వుల పరీక్ష. వాల్వును నొక్కకుండా, దాని స్లైడును, అంటే ఇచ్చకు తగినట్టు జరిపే ఆ వంపు గొట్టాన్ని, రెండంగుళాలు బయటికి లాగాలి. కొద్ది క్షణాలు ఆగి అప్పుడు వాల్వు నొక్కాలి. "పుట్" మని గట్టిగా శబ్దం వస్తే లోపల గాలి బిగువుగా ఉన్నదన్నమాట. శబ్దం రాకుంటే పిస్టను అరిగి, పక్కలనుంచి గాలి పోతున్నది. పిస్టనులు అరిగితే వాటిని బాగు చేయించడం ఖర్చుతో కూడిన పని. మామ బాసులో రెండు పలికినవి, ఒకటి నీరసంగా పలికినది.

రెండవది ఎర్రమచ్చలు. ఇత్తడి అంటే రాగి, యశదం కలిసినది. సాధారణంగా వందకు డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు యశదం. ఊదేవాని ఊపిరి తడి లోపల ఏళ్ళ తరబడి నిలిచిపోతే యశదం కరిగిపోయి, గుల్లబారిన రాగి మాత్రం మిగులుతుంది. పైకి గులాబిరంగు చుక్కలుగా కనిపిస్తుంది. మౌత్‌పీసు దూర్చే మొదటి గొట్టంలోనే ఇది ఎక్కువ. ఆ చుక్కలు ఉంటే గొట్టం లోపలినుంచి పోతున్నదని అర్థం. పాలిషుతో అది పోదు, గొట్టం మార్చవలసిందే.

మూడవది సొట్టలు. పెద్ద నోటి దగ్గర సొట్ట ఉంటే చూపుకు బాధ గాని నాదానికి అంత బాధ లేదు. సన్నని గొట్టాలలో, వాల్వుల దగ్గర ఉన్న చిన్న సొట్ట దానికంటె ఎక్కువ కీడు చేస్తుంది. కొనేవాళ్ళంతా నోరు చూసి ధర కడతారు. చూడవలసినది గొంతు.

నాలుగవది, బిగిసిపోయిన స్లైడులను బలం పెట్టి లాగరాదు. కీళ్ళ దగ్గర నూనె చుక్కలు వేసి, ఒక రోజు కాదు, వారం రోజులైనా ఓపిక పట్టాలి. మౌత్‌పీసు ఇరుక్కుంటే పటకారుతో తిప్పరాదు. దానిని లాగడానికి వేరే పనిముట్టు ఉన్నది. "ముసలివాళ్ళ కీళ్ళు పట్టినట్టు పట్టాలి" అన్నారు మేస్త్రిగారు, తన మోకాలు తడుముకుంటూ.

ఆయన చెప్పిన ప్రకారం ఒక కంచరి చేత వదులైన అతుకులకు మాటు వేయించాను. నీరు వదిలే మీట కింద బెండు ముక్క ఎండిపోయి గాలి కారుతున్నది. దానిని మార్చాము. స్ప్రింగులూ, మెత్తని ఫెల్టు బిళ్ళలూ మార్చాము. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని సబ్బు, పొడుగాటి బ్రష్షు పెట్టి లోపలంతా కడిగితే, ఎన్ని ఏళ్ళ మడ్డి వచ్చినదో చెప్పలేను. ఇది ఊరికే శుభ్రం కోసం కాదు. 2016లో ఇంగ్లండులో కొందరు వైద్యులు, రోజూ బ్యాగ్‌పైపు వాయించే ఒకాయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయిన సంగతి వైద్య పత్రికలో ప్రకటించారు. వాద్యం లోపల పెరిగిన బూజును పీల్చడమే కారణం కావచ్చునని వారి అభిప్రాయం. అటక మీది వాద్యాన్ని కడగకుండా నోట పెట్టరాదని నా మనవి.

అప్పుడు ఊదాను. నాకు అప్పటికి యాభై నాలుగేళ్ళు. ట్యూబాకు బుగ్గల బలం కాదు, పొట్టలోనుంచి వచ్చే నిండు ఊపిరి కావాలి. పెదవులు వదులుగా, ఒకదానితో ఒకటి అదిరేటట్టు పెట్టి ఊదితే ఆ అదురే పదమూడు అడుగుల గొట్టం వెంబడి నడిచి నాదమవుతుంది. మొదటి వారం దూడ అరిచినట్టు వచ్చినది. మా పక్కింటివారు మర్యాదస్తులు గనుక ఏమీ అనలేదు, కిటికీలు మాత్రం మూసుకున్నారు. రెండవ నెలలో ఒక రోజు, ఎట్లా వచ్చినదో తెలియదు, ఒక్క స్వరం నిండుగా పలికినది. అలమారలో గ్లాసులు గణగణమన్నవి. మా ఆవిడ వంటింటిలోనుంచి వచ్చి గుమ్మంలో నిలబడినది. ఏమీ అనలేదు. గది గురించి మళ్ళీ అడగలేదు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చినది. మేస్త్రిగారి మనుమడు, అతని స్నేహితులు కలిసి ఆదివారాలు వాయించుకుంటారు. వాళ్ళతో కూర్చుని ఊదితే నా బాసు ఎవరితోనూ కలవలేదు. అపస్వరం నాదే కాబోలునని సిగ్గుపడ్డాను. మేస్త్రిగారు చెవి ఒగ్గి విని, "తప్పు నీది కాదప్పా. దీని శ్రుతే పై శ్రుతి" అన్నారు.

ఆ సంగతి ఇది. ఈనాడు లోకమంతటా ‘ఎ’ అనే స్వరానికి సెకనుకు 440 కంపనలు అని లెక్క. 1939లో లండనులో జరిగిన సమావేశంలో అట్లా కుదుర్చుకున్నారు. ఇంగ్లండులోని బ్రాసు బ్యాండులు మాత్రం పాత పద్ధతినే పట్టుకొని, 1960ల నడిమి వరకూ దాదాపు 452 కంపనల శ్రుతిలో వాయించినవి. వాళ్ళ కోసం చేసిన వాద్యాలన్నీ ఆ శ్రుతిలో పుట్టినవే. తేడా సుమారు అర స్వరంలో సగం. వినడానికి కొంచెమే, కలిసి వాయిస్తే పాయసంలో ఉప్పు పడినట్టే. తంబురా శ్రుతి ఎరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

శ్రుతి దించాలంటే గొట్టం పొడుగు పెంచాలి. పదమూడు అడుగులకు దాదాపు నాలుగున్నర అంగుళాలు కావాలి. ప్రధాన స్లైడు రెండు కాళ్ళ గొట్టం గనుక రెండుంపావు అంగుళాలు బయటికి లాగితే సరిపోవాలి. మా బాసుకు అంత లాగితే స్లైడు ఊడి చేతికి వచ్చినది.

"దీనికి ఇంకొక స్లైడు ఉండాలే, పొడుగుది" అన్నారు మేస్త్రిగారు. "మీ మామ రెండూ సంచిలో వేసుకొని తిరిగేవాడు. కొత్త క్లారినెట్టులు వచ్చినప్పుడు అది తగిలించేవాడు."

నేను ఆ సాయంత్రమే అత్తయ్య ఇంటికి పరుగెత్తాను. అటక వెతికినాము, పెట్టెలు వెతికినాము, ఎక్కడా లేదు. సామాన్లవాడికి పోయినదనే అనుకున్నాము. నిరాశతో పెరట్లో కాళ్ళు కడుక్కోబోతే, తులసికోట పక్కన గోడ మేకుకు వేలాడుతూ, దాని మీద నీళ్ళ రబ్బరు గొట్టం చుట్ట చుట్టి ఉన్నది. వంపు తిరిగిన ఇత్తడి గొట్టం, రెండు కాళ్ళూ సమంగా!

"అదా?" అన్నది అత్తయ్య. "బాజా నీకు ఇచ్చేటప్పుడు సంచిలోనుంచి పడినది. కొక్కెంగా బాగుంటుందని తగిలించినాను. దీని కోసమా ఇంత హడావుడి?"

ఇంటికి తెచ్చి, తోమి, గ్రీజు రాసి తగిలిస్తే, చెయ్యి వేసి దూర్చినట్టు కూర్చున్నది. మూడు వాల్వుల స్లైడులను కూడా కొంచెం కొంచెం లాగి ఆదివారం తీసుకుపోయాను. ఈసారి కలిసినది.

అంతటితో అన్నీ తీరిపోయినవని చెప్పను. మూడు వాల్వుల బాసుకు పుట్టుకతోనే ఒక లోపం ఉన్నది. మొదటి వాల్వు ఒక స్వరం దించడానికి గొట్టం పొడుగుకు వందకు పన్నెండు పాళ్ళు కలుపుతుంది. రెండవది అర స్వరానికి ఆరు పాళ్ళు. మూడవది ఒకటిన్నర స్వరానికి పంతొమ్మిది. మూడూ కలిపి నొక్కితే ముప్పై ఏడు. కాని మూడు స్వరాలు దిగడానికి నలభై ఒకటి కావాలి. ఆ తక్కువైన పాళ్ళకు మా బాసులో ఆరున్నర అంగుళాల గొట్టం చాలదు, అందుచేత అడుగు స్వరాలు కొంచెం పైకే పలుకుతవి. 1874లో డేవిడ్ బ్లైక్లీ అనే ఆయన, ఆ తక్కువను తనంతట తానే పూడ్చే ఏర్పాటు కనిపెట్టి బూసీ కంపెనీకి పేటెంటు తీసుకున్నారు. మాది ఆ ఏర్పాటు లేని మామూలు రకం. కాబట్టి ఆ స్వరాలను పెదవితో వంచుకొని తెచ్చుకోవాలి. మామ జీవితమంతా అట్లా వంచుకొనే వాయించారు. ఆయన అంత కష్టపడుతున్నారని ఊరేగింపులో ఎవరికి తెలుసు?

ఒకరోజు మేస్త్రిగారిని అడిగాను, "మా మామ బాగా వాయించేవారా?" అని. ఆయన చాలాసేపు ఊరుకొని, "మేము దాన్ని వినేవాళ్ళం కాము. ఒకసారి జ్వరమని రాలేదు. ఆ పొద్దు మేమంతా పరుగెత్తినట్టే వాయించినాము, నిలబడడానికి నేల లేకపోయె. అప్పుడు తెలిసింది" అన్నారు.

ఇంగ్లండులో వాన్ విలియమ్స్ అనే పెద్ద సంగీతకర్త 1954లో, ఎనభై ఒకటేళ్ళ వయసులో, ఈ వెనుక వరుస వాద్యాన్ని ముందుకు పిలిచి, వాద్యబృందం ఎదుట ఒంటరిగా వాయించే కృతి రచించారు. ఆ గౌరవం చాలామంది బాసు వాద్యకులకు దక్కేది కాదు. దక్కకపోయినా వాళ్ళు వాయించారు.

మన కుటుంబాలలో బ్యాండులో నడిచిన తాతలూ, మామలూ చాలామంది ఇళ్ళల్లో ఉంటారని నాకు తెలుసు. మైసూరులో, మదరాసులో, బరంపురంలో, షోలాపురంలో మీ అటకల మీద కూడా ఒక క్లారినెట్టో, యూఫోనియమో, బాసో ఉండవచ్చు. పాత సామాన్లవాడు న్యాయమైన మనిషే, కాని అతని త్రాసులో ఇత్తడి తప్ప ఇంకొకటి తూగదు. అతనిని పిలిచేముందు ఒకసారి దించి చూడండి. తొందరపడి మెరిపించకండి. కడగండి, గాలి పరీక్ష చేయండి, తెలిసినవారికి చూపండి. పనికి రాదంటే ఇచ్చివేయండి, అందులో తప్పేమీ లేదు. పనికి వస్తుందంటే, ఊదే పిల్లవాడు ఒకడు దొరికే వరకు ఉంచండి. వాద్యంతో పాటు సంచిలో ఉన్న ప్రతి ముక్కనూ, ఎందుకో తెలియకపోయినా సరే, జాగ్రత్త చేయండి.

అత్తయ్యకు నేను పెరట్లోకి ఒక కొత్త కొక్కెం కొనిచ్చాను.